గుండుకు ఐదువందలు

పెళ్లి ఫోటోలు ఎలా తీయాలో నేర్పే వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. 85 ఎంఎం లెన్సు పెడితే వెనకున్న సీరియల్ లైట్లు ఎంత గుండ్రంగా, ఎంత మెత్తగా కరిగిపోతాయో చెబుతారు. తలంబ్రాలు గాల్లోనే ఆగిపోయినట్టు కనిపించాలంటే షట్టర్ స్పీడు ఎంత పెట్టాలో చెబుతారు. అప్పగింతల్లో ఎవరు ముందు ఏడుస్తారో కనిపెట్టి కెమెరా అటు తిప్పడం కూడా నేర్పుతారు. ఈ పాఠాలు చెప్పేవాళ్లలో తిరుపతిలో స్టూడియో పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడని నా అనుమానం. ఉంటే, స్టేజీ మీద వరసగా నిలబడ్డ గుండ్ల మీద ఫ్లాష్ ఎలా కొట్టాలో ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు. మా ఊళ్లో అది మొదటి పాఠం కావాలి. లెన్సులూ గిన్సులూ తర్వాత.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. ఆడపెళ్లివారు తిరుపతి వాళ్లే. మగపెళ్లివారు పలమనేరు వైపు నుంచి వచ్చారు. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. తెల్లవారుజామున ముహూర్తం. తాళి కట్టడం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం అన్నీ సవ్యంగా అయ్యాక పెళ్లికొడుకు నాన్న దగ్గరికి పోయి, "సార్, అందరూ ఉన్నారు కదా, ఫ్యామిలీ గ్రూప్ ఫోటో తీసేద్దామా?" అని అడిగాను.

"ఇప్పుడెందుకప్పా, అందరూ నిద్రమొగాలతో ఉండారు. దర్శనం టికెట్లు ఉండాయి, బయట బస్సు నిలబడి ఉండాది. కొండకి పోయొచ్చి సాయంత్రం రిసెప్షన్లో తీరిగ్గా తీసుకుందాం."

పెళ్లిలో ఎవరి మాట చెల్లుతుందంటే ముందు పురోహితుడిది, ఆ తర్వాత వంటమాస్టరుది, ఆ తర్వాత డెకరేషన్ వాళ్లది, జనరేటర్ అబ్బాయిది. ఫోటోగ్రాఫర్ మాట వినిపించే సరికి భోజనాల బంతి లేచిపోతుంది. సరే అన్నాను. కొత్త జంటను మండపంలో వదిలి మగపెళ్లివారి బస్సు అలిపిరి దారి పట్టింది.

సాయంత్రం స్టేజీ సిద్ధం. వెనక ఎల్ఈడీ గోడ, దాని మీద వధూవరుల పేర్లు అటూ ఇటూ ఎగురుతున్నాయి. జనం క్యూ కట్టి కవర్లు ఇచ్చి పోతున్నారు. బస్సు మాత్రం రాలేదు. కొండ మీద దర్శనం మన చేతిలో ఉండదు, దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో తొందరపడటానికీ ఉండదు. ఎనిమిది దాటాక మండపం గేటు దగ్గర హారన్ మోగింది. గ్రూప్ ఫోటోకి లెన్సు మార్చుకుని తల ఎత్తి చూశాను.

బస్సులోంచి గుండ్లు దిగుతున్నాయి.

ముందు ఎవరో వేరే భక్తులు మండపం తప్పి వచ్చారనుకున్నాను. దగ్గరికొచ్చి "ఏమప్పా, రెడీనా?" అని అడిగితే గాని ఆయన పెళ్లికొడుకు నాన్న అని తెలియలేదు. ఆయన వెనక పెదనాన్న, చిన్నాన్న, ఇద్దరు మేనమామలు, బావ, చిన్నాన్న కొడుకులు, చివర్లో అక్క కొడుకు ఒక ఐదేళ్ల బుడతడు.

సంగతి తర్వాత బయటపడింది. పెళ్లికొడుక్కి 36 ఏళ్లు. సంబంధాల కోసం ఇంటిల్లిపాదీ చెప్పులరిగేలా తిరిగారు. ఆ తిరుగుళ్లలో ఒకరికి తెలియకుండా ఒకరు, వీడికి పెళ్లి కుదిరితే తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కేసుకున్నారు. నాన్న మొక్కుకున్నాడంటే అర్థముంది. బావ ఎందుకు మొక్కుకున్నాడని అడిగితే, బెంగళూరులో శని ఆదివారాలు బావమరిది మకాం వాళ్లింట్లోనేనట. కల్యాణకట్టలో పక్కపక్కన కూర్చున్నాకే ఒకరి మొక్కు ఇంకొకరికి తెలిసింది. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చారు కాబట్టి నాకు వాళ్లతో పేచీ లేదు. ఎవరి కోసం ఇంత మొక్కారో ఆ పెళ్లికొడుకు తల మీద మాత్రం జుట్టు జెల్ రాసుకుని నిటారుగా నిలబడి ఉంది.

గుండ్ల మీద చందనం ఉన్నా నేను గట్టెక్కేవాణ్ణి. చందనం పూసిన గుండు వెలుగును మింగుతుంది. మా భాషలో చెప్పాలంటే మ్యాట్ ఫినిష్. కానీ కొండ దిగేలోపు చందనం ఎండి పట్టు చొక్కాల కాలర్ల మీద రాలుతోందని పెళ్లికొడుకు అమ్మ అందరికీ తలలు కడిగించింది. కడిగాక మంటగా ఉందన్నారని కొబ్బరినూనె రాయించింది. మ్యాట్ కాస్తా గ్లాసీ అయింది.

మొదటి ఫ్లాష్ కొట్టాను. స్క్రీన్ మీద మొహాలు చీకట్లో ఉన్నాయి, నెత్తుల మీద మాత్రం నక్షత్రాలు. ఎందుకలా అంటే, ఆటోలో పెట్టిన ఫ్లాష్ ముందు ఒక చిన్న మెరుపు విసిరి, తిరిగొచ్చిన వెలుగును కొలుచుకుని, అసలు మెరుపు ఎంత ఇవ్వాలో లెక్క వేసుకుంటుంది. అన్ని గుండ్లు ఒక్కసారిగా వెలుగు తిరిగి కొడితే, ఇక్కడ ఇప్పటికే పట్టపగలు కదా అనుకుని చేయి బిగించేస్తుంది. సరేనని మాన్యువల్‌కి మారి, పావు పవర్ పెట్టి కొట్టాను. మొహాలు వచ్చాయి. నక్షత్రాలు పోలేదు.

కళ్లజోడు మీద మెరుపు పడితే దానికో ఉపాయం ఉంది. "సార్, గడ్డం కిందికి దించండి" అంటే చాలు, మెరుపు వేరే దిక్కుకి పోతుంది. అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి ఆ వీలు. గుండు గోళం. ఎటు తిప్పినా, ఎంత వంచినా, దాని మీద ఏదో ఒక చోటు లైటునూ కెమెరానూ కలిపి తీరుతుంది. దేవుడు ఆ లెక్క అలా రాశాడు. మనం చేయగలిగింది లైటును పెద్దది చేయడమే. చిన్న లైటయితే చుక్కలా మండుతుంది, పెద్ద గొడుగులోంచి వచ్చే వెలుగయితే పాలిపోయిన మచ్చలా పరుచుకుంటుంది. ఫ్లాష్‌ను పైకి తిప్పి సీలింగ్‌కి కొడదామంటే డెకరేషన్ వాళ్లు పైనంతా వంకాయరంగు గుడ్డ కట్టారు. ఆ రంగు కిందికి దిగి ఒక్కొక్క గుండు మీదా కూర్చుంది. అందుకని గొడుగు తెరిచి పక్కన పెట్టాను.

ఇంకొంచెం తగ్గాలి. మా అసిస్టెంట్ కుర్రాణ్ణి పౌడర్ తెమ్మని పంపాను. పెళ్లికూతురి మేకప్ చేసిన అమ్మాయి, ఆ కాంపాక్ట్ ధర ఎంతో తెలుసా అని వాణ్ణి తలుపు దగ్గరే నిలబెట్టి పంపేసింది. వాడు ఎదురుగా ఉన్న అంగట్లో మామూలు టాల్కం పౌడర్ డబ్బా కొనుక్కొచ్చాడు. పెద్దవాళ్ల నెత్తి మీద చేయి ఎలా పెట్టేది అని వాడికి మొహమాటం. ఒక్కొక్కరి కాళ్లకు దండం పెట్టి, లేచి నెత్తికి పౌడర్ కొట్టాడు. పెదనాన్న వాణ్ణి రెండుసార్లు ఆశీర్వదించాడు కూడా. నూనె మీద పౌడర్ అంటుకుని వెనక వరసంతా అప్పుడే రేకుల్లోంచి తీసిన ఇడ్లీల్లా తయారైంది. పర్లేదు, ఫోటోకి పనికొచ్చింది. రెండు వరసలూ ఫోకస్‌లో ఉండాలని ఎపర్చర్ ఎఫ్8, వెనక ఎల్ఈడీ వెలుగు చారలు చారలుగా పడకూడదని షట్టర్ సెకనులో వందో వంతు, ఐఎస్‌ఓ 800. క్లిక్.

పని అక్కడితో అయిపోయిందనుకునేవాళ్లు ఈ వ్యాపారంలో కొత్తవాళ్లు.

ఆల్బమ్ సెలెక్షన్ రోజు పెళ్లికొడుకు నాన్న స్టూడియోకి వచ్చాడు. ఫోటోలన్నీ చూశాడు. 12 బై 36 షీట్ల మీద ఎక్కడ ఏది రావాలో చెప్పాడు. గ్రూప్ ఫోటో దగ్గర ఆగాడు.

"ఇది హాల్లో పెద్ద ఫ్రేమ్ కట్టించాల. కోడలు తరపువాళ్లు వస్తే మొదట దీన్నే చూస్తారు. ఇంతమంది గుండ్లేందప్పా?"

"మీరే కదా సార్, పొద్దున వద్దన్నారు..."

"పొద్దున ఫోటోల్లో మాకు జుట్టు ఉండాది కదా. ఆడ తీసి ఈడ పెట్టు. ఎడిటింగ్‌లో ఏమైనా చేస్తారంట కదా ఇప్పుడు."

ఎడిటింగ్ అంటే జనానికి ఉన్న నమ్మకం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. రా ఫైల్ అంటే ఉడకని ఫైల్ అనుకునేవాళ్లు కూడా, ఆ పెళ్లికి రాని చిన్నత్తను వచ్చినట్టు పెట్టమంటారు. నేను రేటు చెప్పాను. గుండుకు ఐదువందలు. ఆయన నొచ్చుకున్నాడు.

"కొండ మీద తీసేదానికే దుడ్లు తీసుకోలా. నువ్వు పెట్టేదానికి తీసుకుంటావా?"

ఈ వాదనకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అయినా ఒప్పుకుని పోయాడు.

మా ఎడిటర్ కుర్రవాడు ముందు సులువైన దారి పట్టాడు. ఫోటోషాప్‌లో ఇప్పుడు తల చుట్టూ గీత గీసి "జుట్టు" అని టైపు చేస్తే అదే పుట్టించి పెడుతుంది. పెట్టింది. పెదనాన్నకు పాతికేళ్ల కుర్రాడి ఉంగరాల జుట్టు వచ్చింది. ఫోన్లో శాంపిల్ పంపితే వాళ్లావిడకు చాలా నచ్చిందట, కొడుకులకు నచ్చలేదట. చిన్నాన్నకు నడుమ దాకా జారే జుట్టు వచ్చింది. బుడతడి తల మీద, ఎందుకో తెలియదు, తలపాగా పెట్టింది.

ఇక చేత్తో చేయాల్సిందే. పొద్దున ఫోటోల్లోంచి ఒక్కొక్కరి జుట్టు కోసి, లేయర్లుగా పేర్చి, అంచుల దగ్గర వెంట్రుక వెంట్రుకా మాస్క్ చేశాడు. చూస్తే మళ్లీ తేడా. పొద్దున హోమం పొగలో వీడియో లైటు ఎడమ వైపు ఉంది, సాయంత్రం నా గొడుగు కుడి వైపు ఉంది. జుట్టు మీద వెలుగు ఒక పక్క, చెంప మీద వెలుగు ఇంకో పక్క. మావాడు తెలివిగా జుట్టును అద్దంలోలా తిప్పేశాడు. వెలుగు సరిపోయింది. కానీ దాంతోపాటే పాపిడి కూడా పక్క మారింది. అది నేను చూడలేదు, మావాడు చూడలేదు, పెళ్లికొడుకు నాన్న తన మొహమే అయినా చూసుకోలేదు. ఆయన భార్య ఫోన్లో శాంపిల్ చూడగానే, "ఈయన ఎవరు?" అంది. మళ్లీ మొదలు.

ఈ గొడవలో చిన్న మేనమామ ఫోన్ చేశాడు. ఈయనకు పొద్దున ఫోటోల్లోనూ నడినెత్తి నున్నగా ఉంది, చెవుల పక్కన మాత్రం కాస్త గడ్డి ఉంది. అదీ స్వామికి ఇచ్చేశాడు.

"అందరికీ పెడతా ఉండావంట. నాకూ పెట్టు."

"అన్నా, మీకు పొద్దున కూడా..."

"మా బావది రొంత తీసి పెట్టు. ఆయనకి జాస్తిగా ఉండాది."

ఆయన బావ అంటే పెళ్లికొడుకు నాన్నే. ఆ జుట్టు కాపీ చేసి, వంకీ మార్చి, నెరుపు కలిపి పెట్టాం. నిజం చెప్పాలంటే మొత్తం ఫోటోలో బాగా కుదిరింది ఈ చిన్న మేనమామ జుట్టే. ముందు నుంచీ లేని జుట్టుకు కొలతలతో పనేముంది.

ఫైనల్ ప్రూఫ్ చూడటానికి అందరూ స్టూడియోకి వచ్చారు. అవ్వను కూడా తీసుకొచ్చారు. పెద్ద మానిటర్ మీద ఫోటో తెరిచాం. నాన్న, పెదనాన్న, చిన్నాన్న అందరూ నిండు తలలతో నవ్వుతున్నారు. "బ్రహ్మాండంగా ఉండాదప్పా!" అన్నారు. అవ్వ కళ్లజోడు సవరించుకుని, మానిటర్ దగ్గరికి జరిగి, ఒక్కొక్క తలనూ వేలితో చూపిస్తూ వచ్చింది.

"ఏమిరా అబ్బయా, సామికిచ్చిన ఎంటికలు ఎనక్కి తెచ్చేదానికి నువ్వెవడ్రా?"

స్టూడియోలో ఏసీ చప్పుడు వినపడింది.

"నేను కాదవ్వా, వీళ్లే..."

"ఇచ్చినోళ్లు అడిగితే మాత్రం? ఇచ్చింది ఇచ్చినట్టే. నా మనవడికి పెండ్లయిందని మొక్కు తీర్చినారు. అది ఫోటోలో ఉండాల్నా, వద్దా? రేపు పుట్టే బిడ్డలకి ఏం చూపిస్తారు? గుండ్లు పెట్టు."

తలుపు దగ్గర నిలబడ్డ పెళ్లికొడుకు బావ అందరికంటే ముందు "అవ్వ చెప్పింది న్యాయమే" అన్నాడు. ఆయనకు జుట్టు అతికించినప్పుడు చెవి ఒకటి సగం మాయమైందిలెండి, అందుకు. మౌస్‌తో ఒక్కొక్క లేయర్ పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి, దాని మీది జుట్టును మాయం చేసుకుంటూ పోయాడు మావాడు. అందరి ముందే కల్యాణకట్ట రెండోసారి జరిగింది.

బిల్లు దగ్గర పెళ్లికొడుకు నాన్న కాగితం మీద వేలు పెట్టాడు.

"ఈ ఎడిటింగ్ ఛార్జీ ఏంది?"

"జుట్టుకి సార్."

"జుట్టు యాడుండాది?"

ఫ్రేమ్‌లో చూపించడానికి లేదు. పని చేశామన్న సాక్ష్యమంతా కంప్యూటర్ లోపల లేయర్లలో మూసుకుని ఉంది. ఆ లైను కొట్టేయించి, బ్యాలెన్స్ ఆల్బమ్ డెలివరీ రోజు ఇస్తానని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రేటు కార్డులో ఒక లైను చేర్చాను. అతికించినా, అతికించి తీసేసినా ఛార్జీ ఒకటే అని.

ఆ రాత్రి షట్టర్ దించే వేళకు చిన్న మేనమామ ఒక్కడే వచ్చాడు. తల మీద టోపీ ఉంది. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, నా జుట్టు ఫోటో తీసేసినావా, ఉండాదా అని అడిగాడు.

"ఉందన్నా. కానీ అవ్వ..."

"అవ్వ చెప్పింది వాళ్ల సంగతప్పా. నేను సామికి ఇచ్చింది చెవుల పక్కన ఉండేవే. నడినెత్తి మీద నువ్వు పెట్టినావే, అవి ఆయన లెక్కలో లేవు. నాకొక్కడికే కట్ చేసి 12 బై 18 ప్రింట్ తియ్యి."

ఐదువందల నోటు టేబుల్ మీద పెట్టాడు. ఆ పెళ్లి మొత్తంలో బేరమాడకుండా డబ్బులిచ్చింది ఆయనొక్కడే. పోతూ పోతూ మళ్లీ వెనక్కి తిరిగాడు.

"నెరుపు ఎందుకు కలిపినావు? అది తీసెయ్. దానికి వేరే ఛార్జీ ఏం ఉండదు కదా?"