దళారీ వ్యవస్థకు నోబెల్ సాక్ష్యం

ప్రభుత్వ కార్యాలయాల్లో దళారులను ఏరిపారేయాలని ఏటా సంపాదకీయాలు రాసే పెద్దలకు శరీరశాస్త్రం తరఫున ఒక అభ్యంతరం దాఖలు చేయవలసి వస్తోంది. మనిషి రక్తనాళాల యంత్రాంగం చాలా మేరకు ఒక దళారి చేతి మీదుగానే నడుస్తోందని, అతణ్ణి తొలగించి చూసినప్పుడు అర్జీలో కోరినదానికి సరిగ్గా వ్యతిరేకమైన ఉత్తర్వు వెలువడిందని, ఈ సంగతి బయటపెట్టినవారికి 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

రక్తనాళం గోడలోని నునుపు కండరాన్ని ఆదర్శ ఉద్యోగిగా సన్మానించవచ్చు. నాడులు వదిలే నోర్అడ్రినలిన్ అనే రసాయనం వచ్చి తలుపు తట్టగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము కండరాన్ని లాగే మయోసిన్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు గానీ కండరం బిగుసుకోదు. ఇన్ని బల్లలు దాటిన ఫైలు కొన్ని సెకన్లలోనే తేలిపోతుంది కనుక మన రెవెన్యూ శాఖతో పోల్చి దాన్ని కించపరచను. ఫలితం మాత్రం చిన్నది కాదు. నాళం వ్యాసార్ధం సగానికి తగ్గితే ప్రవాహానికి నిరోధం 16 రెట్లవుతుంది.

చిక్కంతా నాడులు వదిలే మరో రసాయనం, అసెటైల్‌కోలిన్ అనే అర్జీదారుతో వచ్చింది. బతికున్న జంతువు రక్తంలోకి దాన్ని ఎక్కిస్తే నాళాలు సడలి రక్తపోటు దిగేది. కుందేలు బృహద్ధమనిని పట్టీలా కోసి, ద్రావణంలో వేలాడదీసి, అదే మందును చుక్కలుగా వేస్తే కండరం ఇంకా బిగుసుకునేది. అమెరికాలో ఔషధశాస్త్రంలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ వంటి దిట్ట కూడా 1950ల నుంచి ఈ బిగింపునే చూస్తూ వచ్చాడు. కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియదు. నాళం లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన పరుచుకుని ఉండే ఎండోథీలియం పొర, అంటే మన దళారి, పట్టీ కోసేటప్పుడు వేలో పరికరమో రాసుకుని ఊడిపోయేది. ఉత్త అస్తరుగుడ్డ లాంటిదే కదా అని దాన్ని లెక్కలోకి తీసుకున్నవారు అరుదు.

1978లో ఆ ప్రయోగశాలలోని ఒక టెక్నీషియన్, మందులు వేయవలసిన వరుసను పాటించలేదు. ముందు వేసిన నోర్అడ్రినలిన్‌ను కడిగేయకుండానే అసెటైల్‌కోలిన్ తరహా మందు కలిపేశాడు, కండరం సడలింది. మన దగ్గరైతే అతనికి మెమో అందేది, పరిశోధన యథావిధిగా కొనసాగేది. ఫర్చ్‌గాట్ మెమో ఇవ్వకుండా ఆలోచించాడు. 1980లో ప్రచురించిన వ్యాసంలో, పొర ఊడిన పట్టీకి పొర ఉన్న మరో పట్టీని ముఖాముఖి ఆనించి అసెటైల్‌కోలిన్ వేస్తే, అంతవరకూ మొరాయించిన కండరం మెత్తబడిందని చూపించాడు. పక్కింటి దళారి సిఫార్సు కూడా చెల్లిందన్నమాట.

ఆ పొర పంపే సందేశం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి అప్పటికప్పుడు తయారై, పక్కనున్న కండరంలోకి చొరబడి, అక్కడ సడలమని చెప్పే సైక్లిక్ జీఎంపీ అనే అణువు పెరిగేలా చేసి, కాల్షియాన్ని దించి, కొన్ని సెకన్లలో మాయమవుతుంది. కమిషన్ అడగదు, వచ్చే ఏడాది పనికి ఇప్పుడే బయానా పుచ్చుకోదు. మన దళారుల సంఘాలు ఈ ఆయుఃప్రమాణాన్ని ఆదర్శంగా స్వీకరించగలవని ఆశించడం అత్యాశే అవుతుంది. అది ఫలానా వాయువేనని 1987లో కొలిచి నిరూపించిన సాల్వడార్ మోంకాడా పేరు బహుమతి జాబితాలో లేదు. ముగ్గురికి మించి పంచకూడదన్న నిబంధన మేరకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్‌లతో కోటా నిండిపోయింది.

దళారిని తప్పించి నేరుగా కండరానికే సందేశం చేరవేసే దారి కూడా ఉంది. దాని పేరు నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌తో ధనవంతుడైన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కే గుండె జబ్బుకు వైద్యులు ఇదే రాశారు. మందుల దుకాణాలవాళ్లూ జనమూ బెదిరిపోకుండా దానికి ట్రినిట్రిన్ అని పేరు పెట్టారని ఆయన 1896లో తన సహాయకుడికి రాసిన ఉత్తరంలో చమత్కరించాడు. అయితే ఈ అడ్డదారిని రాత్రింబవళ్లు ఎడతెగకుండా వాడితే కండరం వినడం మానేస్తుంది. రోజులో కొన్ని గంటలు విరామమిస్తే మళ్లీ దారికొస్తుంది. పేలుడు పదార్థాల కర్మాగారాల్లో ఆదివారం సెలవు తర్వాత సోమవారం కార్మికులకు తలనొప్పి రావడానికీ ఈ అలవాటు తప్పడమే కారణం.

ఇక వయాగ్రా పేరుతో జనానికి తెలిసిన సిల్డెనాఫిల్ చేసే పని వేరు. సైక్లిక్ జీఎంపీ అనే ఉత్తర్వును చించేసే ఎంజైమునే అది పట్టి ఆపుతుంది. ఒకవైపు నైట్రోగ్లిజరిన్ వంటి నైట్రేట్ మాత్ర ఉత్తర్వులు కుప్పగా జారీ చేస్తుంటే, మరోవైపు చించేవాడిని సెలవుపై పంపితే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. అందుకే ఛాతీ నొప్పికి నైట్రేట్ వాడేవారికి వైద్యులు దాన్ని రాయరు. వైద్యుణ్ణి అడగకుండా తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకునేవారి సంగతి ఈ వ్యాసం పరిధిలోకి రాదు.