ఆ కంట్రోలర్ మెసేజ్‌ని ఇక ఫార్వర్డ్ చేయకండి

"ఫోన్‌కి గేమ్ కంట్రోలర్ కొనాలా? ఈ ఐదూ తెలిస్తే చాలు" అనే మెసేజ్ ఏ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. పంపేవాళ్లంతా నా స్నేహితులే, మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు. కానీ దాన్ని నమ్మి డబ్బు పెట్టేది వాళ్ల పిల్లలు. అందుకే జవాబు రాస్తున్నాను.

"బ్లూటూత్ ఉంటే ఏ కంట్రోలరైనా ఏ గేమ్‌కైనా పనిచేస్తుంది." తప్పు. ఫోన్‌కి కనెక్ట్ అవడం వేరు, గేమ్ దాన్ని గుర్తించడం వేరు. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో 2019 నవంబరు నుంచి కంట్రోలర్ సపోర్ట్ ఉంది. మైన్‌క్రాఫ్ట్, డెడ్ సెల్స్, స్టార్‌డ్యూ వ్యాలీ కూడా కంట్రోలర్‌తో హాయిగా ఆడుకోవచ్చు. కానీ మన పిల్లలు చాలామంది అడిగేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే షూటింగ్ గేమ్ కోసం. అందులో ఆ సపోర్టే లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ తీసుకునేవాళ్లకి ఇంకో మాట: 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన మొదటి మోడల్‌లో అసలు బ్లూటూతే లేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది రెండోది. "బీజీఎంఐకి కావాలంటే కింది లింకులోని యాప్ వేసుకుని, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చేయండి. బ్యాన్ రాదు." వీటిని కీమ్యాపింగ్ యాప్‌లంటారు. మీరు బటన్ నొక్కితే, స్క్రీన్ మీద ఆ చోట వేలు పెట్టినట్టు ఫోన్‌ని నమ్మిస్తాయి. అందుకోసం యాక్సెసిబిలిటీ పర్మిషనో, యూఎస్‌బీ డీబగ్గింగో (యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఫోన్‌లో ఉండే సెట్టింగ్) అడుగుతాయి. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే ఆ యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. అదే ఫోన్‌లో ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు యాప్ ఉంటుంది, ఓటీపీలు వస్తాయి. పైగా పిల్లలు ఆడేది చాలా ఇళ్లలో అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో. ప్లే స్టోర్‌లో కూడా లేని, ఎవరు చేశారో తెలియని ఏపీకేకి (బయటి లింకు నుంచి దించుకునే యాప్ ఫైలు) ఇంటి తాళాలు ఇవ్వమని చెప్తున్నారా? డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు అసలు తెరుచుకోవు. వాళ్లు ఊరికే భయపడి అలా పెట్టారనుకుంటున్నారా?

బ్యాన్ రాదని హామీ ఇవ్వడానికి ఈ మెసేజ్ రాసినవాడెవడు? బ్యాన్ చేసేది గేమ్ కంపెనీ. అనుమతి లేని బయటి యాప్‌లు వాడితే అకౌంట్ పోతుందని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. పోయాక గేమ్‌లో కొన్న స్కిన్‌ల (డ్రెస్సులు, తుపాకీల డిజైన్లు) డబ్బు మెసేజ్ పంపినవాళ్లు తిరిగిస్తారా?

"బ్లూటూత్ 5.3 అయితే ల్యాగ్ ఉండదు." ల్యాగ్ అంటే బటన్ నొక్కాక గేమ్‌లో పని జరగడానికి పట్టే ఆలస్యం. ఆ నంబరు చూసి దాన్ని చెప్పలేం. ల్యాగ్ మీద పట్టింపు ఉంటే ఫోన్‌ని మధ్యలో బిగించి టైప్-సీకి నేరుగా తగిలించే రకం చూడండి. దానికి చాలా ఫోన్లకి బ్యాక్ కవర్ తీయాల్సి వస్తుంది. కెమెరా ఉబ్బు అడ్డొస్తుందేమో కొనేముందే చూసుకోవాలి. కంట్రోలర్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే జాక్ ఉందో లేదో కూడా. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో తుపాకీ శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంటే కంట్రోలర్ ఎంత వేగంగా ఉండి ఏం లాభం?

"ఆర్జీబీ లైట్లుంటే క్వాలిటీ ఉన్నట్టు." లైట్లు లైట్లే. వదిలేయండి.

"ఖరీదైనది కొనకండి." ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటాను. రేసింగ్ గేమ్‌లకీ, పీపీఎస్‌ఎస్‌పీపీ అనే యాప్‌లో ఆడే పాత పీఎస్‌పీ (సోనీ చేతి గేమ్ మెషిన్) గేమ్‌లకీ చవక కంట్రోలర్ సరిపోతుంది. నేనైతే అదే కొనమంటాను. ఒకే ధరలో రెండుంటే హాల్ ఎఫెక్ట్ స్టిక్స్ ఉన్నది తీసుకోండి. అవి అయస్కాంతంతో పనిచేస్తాయి, లోపల రాసుకుని అరిగేది ఉండదు కాబట్టి డ్రిఫ్ట్ (స్టిక్ ముట్టుకోకపోయినా కదిలినట్టు గేమ్ అనుకోవడం) బాధ చాలా తక్కువ.

ఆ లింకులోని యాప్ ఇప్పటికే వేసి ఉంటే ఇప్పుడే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాని పర్మిషన్ ఆపండి, యాప్ తీసేయండి, డెవలపర్ ఆప్షన్స్ (డీబగ్గింగ్ ఉండేది అందులోనే) ఆఫ్ చేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోండి, యూపీఐ పిన్ కూడా మార్చండి.