కర్చీఫ్ వేసిపోయిన ప్రాసెస్

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక కర్చీఫ్ వచ్చి సీట్లో పడుతుంది. ఇక ఆ సీటుకి లాక్ పడినట్టే. కర్చీఫ్ ఆసామి టీ తాగుతాడు, ఫోన్ మాట్లాడతాడు, ఒక్కోసారి వేరే బస్సెక్కి వెళ్ళిపోతాడు. ముసలాయన మాత్రం రాడ్ పట్టుకుని నిలబడే ఉంటాడు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఇలాంటివాణ్ణి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అంటారు. ట్రాన్సాక్షన్, అంటే ఒక కట్టగా చేసే పని, మొదలెట్టి ముగించకుండా ఊరికే కూర్చున్నవాడని. మన దగ్గర 'మావాడొస్తాడండీ' అంటారు.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కీ ఒక్కో ప్రాసెస్, అంటే విడిగా నడిచే ఒక ప్రోగ్రాం. మార్చకపోతే 100 సీట్లే. దిగిపోయేవాడు ఊరికే లేచిపోతే కుదరదు. సగంలో ఉన్న ట్రాన్సాక్షన్ రద్దు చెయ్యాలి, లాకులు వదలాలి, టెంపరరీ టేబుళ్ళు తీసెయ్యాలి, అందరూ కలిసి వాడుకునే షేర్డ్ మెమరీలో తన చోటు ఖాళీ చెయ్యాలి. అదీ చివర ఒప్పుకున్న పని ముందు చేస్తూ, పందిరి విప్పినట్టు. ఇంత పద్ధతిగా చచ్చేవాళ్ళుంటారని తెలిస్తే బెజవాడ కల్యాణ మండపాల వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు.

అయితే దానికి చచ్చేవాడికి కాస్త టైమివ్వాలి. మా ఆఫీసులో ఒక సీనియర్ గారు అది ఇవ్వరు. ప్రాసెస్‌ను ఆపే కమాండ్ పేరు కిల్. మామూలు కిల్ అంటే 'సర్దుకుని బయల్దేరు నాయనా' అని చెప్పడం. ఆయనది కిల్ మైనస్ నైన్, అంటే నోరు తెరవనివ్వకుండా పీక నొక్కడం. అప్పుడు పోస్ట్‌మాస్టర్ (తల్లి ప్రాసెస్ పేరే అది, ఉత్తరాలతో సంబంధం లేదు) ఏం చేస్తుంది? పోయినవాడు షేర్డ్ మెమరీలో ఏం కెలికాడో తెలియదు కనుక మిగిలిన అందర్నీ బయటికి గెంటి, మెమరీ కొత్తగా సిద్ధం చేసి, వాల్ లాగ్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకున్న చిట్టా) చదివి కోలుకున్నాకే తలుపు తీస్తుంది. ఒక టికెట్ లేనివాడి కోసం బస్సంతా దింపేసి, కడిగించి, మళ్ళీ ఎక్కించినట్టు. మొన్న ఒక్క రిపోర్టు నత్తనడక నడుస్తోందని ఆయన ఆ పని చేస్తే, బిల్లులు కొడుతున్న వాళ్ళందరి స్క్రీన్లూ ఒకేసారి ఆగిపోయాయి. 'సర్వరు మంచిది కాదయ్యా' అని తేల్చేశారు.

కనుక ప్రభుత్వం వారికి నా మనవి. కర్చీఫ్‌లకు టైమౌట్ పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ ఏర్పాటు 2016లో, 9.6 వెర్షన్‌తోనే వచ్చింది. గడువు దాటి ఖాళీగా కూర్చున్న ట్రాన్సాక్షన్ సెషన్‌ను అదే తెంచేస్తుంది. కాకపోతే డిఫాల్టుగా సున్నా, అంటే ఆఫ్. రాసినవాళ్ళలో ఎవరో మన ఊరి బస్సెక్కి ఉంటారు.

ఇక ఉంటాను. గుంటూరు బస్సు కదిలేలా ఉంది, నేను కర్చీఫ్ వేసి ఇరవై నిమిషాలైంది.