మూత తీసి చూస్తే సరిపోదు

ద్రావణి, అంటే పదార్థాలను కరిగించే ద్రవం, అక్కర్లేని రసాయన శాస్త్రానికి ఇప్పుడు మంచి రోజులు. రెండు పొడులు, ఒకట్రెండు ఉక్కు గుండ్లు, మిల్లు అనే యంత్రంలో సెకనుకు 30 సార్లు ఊగే చిన్న డబ్బా. అరగంట తర్వాత మూత తీస్తే కొత్త పదార్థం. మందుల తయారీలో వాడే సరుకు బరువులో సింహభాగం ద్రావణులదే కాబట్టి, వాటిని వదిలించుకుంటే ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. నా పేచీ ఆ అరగంట గురించే. లోపల ఏం జరిగిందో చూడకుండా, ఇన్ని నిమిషాలు నూరాం, ఇంత శాతం దిగుబడి వచ్చిందని రాసిన పేపర్లను మనం ఇంకా పూర్తి పరిశోధనలుగా ఒప్పుకుంటున్నాం. ఇకపై ఒప్పుకోకూడదు.

మధ్యమధ్యలో మిల్లు ఆపి, చిటికెడు పొడి తీసి పరీక్షిస్తున్నాం కదా అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. గుండ్లు ఆగినంత మాత్రాన చర్య ఆగాలని లేదు. మూత తీయగానే తేమ, గాలి లోపలికి పోతాయి. వేడెక్కిన డబ్బా చల్లబడుతుంది. అప్పుడే పుట్టిన సున్నితమైన స్ఫటికం పరీక్ష యంత్రం దాకా వెళ్లేలోపే ఇంకో రూపంలోకి మారిపోవచ్చు. మళ్లీ మూత బిగించి మిల్లు నడిపితే, లోపల ఉన్న పొడి పరిమాణమే వేరు.

ఈ గుడ్డితనాన్ని 2013లో రసాయన శాస్త్రవేత్తలు టొమిస్లావ్ ఫ్రిష్చిచ్, ఇవాన్ హలాస్‌ల బృందం వదిలించింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న యూరోపియన్ సింక్రోట్రాన్‌లో, అంటే చాలా శక్తిమంతమైన ఎక్స్-కిరణాలను పుట్టించే భారీ యంత్రం దగ్గర, ఉక్కు డబ్బాకు బదులు యాక్రిలిక్ డబ్బా పెట్టి, మిల్లు ఊగుతుండగానే దాని గుండా ఆ కిరణాలు పంపారు. ఒక్కో స్ఫటికం ఎక్స్-కిరణాల చిత్రంలో తనకే ప్రత్యేకమైన గీతలు వేస్తుంది. కొన్ని సెకన్లకో చిత్రం చొప్పున, మొదట వేసిన జింక్ ఆక్సైడ్ పొడి గీతలు తగ్గుతూ కొత్త స్ఫటికం గీతలు లేవడం కళ్లకు కట్టింది.

ఆ దారిలో 2015లో బయటపడ్డ కాట్సెనైట్ అనే కొత్త స్ఫటికం కథ తెలిశాక నాకు ఇందులో అనుమానమే లేకుండా పోయింది. జింక్ ఆక్సైడ్‌నూ 2-మిథైల్ ఇమిడజోల్ అనే కర్బన పదార్థాన్నీ కాస్త ఆమ్లపు నీటితో తడిపి నూరుతున్నారు. ముందుగా జిఫ్-8 అనే, ఈ రంగంలో అందరికీ తెలిసిన, బోలుగా ఉండే స్ఫటికం వచ్చింది. ఇంకా నూరుతుంటే దాని గీతలు ఒక్కొక్కటిగా మాసిపోయాయి. తెర మీద దాదాపు ఏ క్రమమూ లేదు. ఆ క్రమం లేని ముద్దలోంచే, అంతకుముందు ఎవరూ చూడని అల్లికతో కొత్త స్ఫటికం లేచింది. అదే కాట్సెనైట్. గీతలు మాసిపోయిన ఆ నిమిషంలో ఎవరైనా మిల్లు ఆపి మూత తీసి ఉంటే? స్ఫటికం పాడైందని రాసుకుని, పొడిని చెత్తబుట్టలో వేసేవారు. ఇంకాస్త ఆలస్యంగా తీసినవారికి, ఆ కొత్తదీ మారిపోయాక మిగిలే చివరి దట్టమైన రూపం ఒక్కటే దొరికేది.

వెనిలిన్, బార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి నూరినప్పుడు కూడా ఇంతే. పొడి కాస్తా రబ్బరు ముద్దలా మారి గుండును చుట్టుకుంటుంది, చర్య వేగం ఉన్నట్టుండి పెరుగుతుంది. చివరి దిగుబడి అంకె చూసి ఈ సంగతి ఎవరు పట్టగలరు?

సింక్రోట్రాన్‌లో సమయం దొరకడం కష్టమనీ, యాక్రిలిక్ ఉక్కు కన్నా మెత్తన కాబట్టి చర్య తీరు మారుతుందనీ అభ్యంతరం ఉంది. రెండూ నిజమే. కానీ 2014 నుంచే రామన్ పద్ధతి ఉంది. పారదర్శక డబ్బాపై లేజర్ వేసి, తిరిగొచ్చే కాంతిని చదివే ఈ పనికి మామూలు ల్యాబ్ బల్ల చాలు. డబ్బా తేడాను కొలిచి చెప్పవచ్చు. చూడనిదాన్ని ఏం కొలుస్తాం?

అసలు జబ్బు మిల్లుల దగ్గర లేదు. కొత్త పదార్థం చేసినవారికి పేరు, నిధులు. అది ఎలా తయారైందో ఓపికగా చూసినవారికి పేపర్ చివర కృతజ్ఞతల్లో ఒక లైను. కొలిచే పనిని మనం సేవగా చూస్తున్నాం, పరిశోధనగా చూడటం లేదు. దీని ఖరీదు మందుల రంగానికి బాగా తెలుసు. హెచ్ఐవీ మందు రిటోనావిర్ 1996లో మార్కెట్‌లోకి వచ్చింది. రెండేళ్లకు, అదే అణువు ఎవరూ ఊహించని ఇంకో స్ఫటిక రూపం తీసుకుంది. అది సరిగా కరగదు. క్యాప్సూల్స్ ఆపేయాల్సి వచ్చింది. అది మిల్లులో జరగలేదు, నిజమే. కానీ రేపు మందు అణువు ఇంకో అణువుతో కలిసి కట్టే సహ స్ఫటికాలను మిల్లుల్లో చేయాలంటున్నాం. నూరుతున్నకొద్దీ రూపాలు మార్చే పదార్థాన్ని అరగంటకోసారి మూత తీసి చూస్తూ రోగి దాకా పంపుదామా?

అందుకే నా కోరిక సూటిగా చెబుతాను. మిల్లు కొనడానికి డబ్బిచ్చే సంస్థలు రామన్ ప్రోబ్‌కు కూడా అదే ఫైలులో మంజూరు ఇవ్వాలి. జర్నళ్లు దిగుబడి పట్టిక పక్కన నిమిషనిమిషానికి తీసిన స్పెక్ట్రాలను, అంటే తిరిగొచ్చిన కాంతి రికార్డులను, అడగాలి. గుండు బరువు, డబ్బా పదార్థం, ఊగే వేగం, వేసిన ద్రవం ఎన్ని మైక్రోలీటర్లు అన్నది రాయని పేపర్‌ను సమీక్షకు పంపకుండానే తిప్పికొట్టాలి.