చేతి ఇన్‌స్టలేషన్ పరిరక్షణకు ఒక విన్నపం

సర్వర్ మీద ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో ఇన్‌స్టాల్ చేసే ప్రాచీన విద్య మన కళ్ల ముందే అంతరించిపోతుంటే, ఇటు ప్రభుత్వాలు గానీ అటు యునెస్కో గానీ పట్టించుకోకపోవడం విచారకరం. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌తో మొదలుపెట్టిన ఈ అపచారం, అంటే సర్వర్లను సాఫ్ట్‌వేర్ చేతే అమర్పించడం, 2005లో పపెట్‌గా, 2009లో షెఫ్‌గా, 2012లో యాన్సిబుల్‌గా ముదిరి మన ఆఫీసుల దాకా వచ్చింది.

సర్వర్ ఎలా ఉండాలో ‘రెసిపీ’ అనే ఫైలులో రాసిపెడితే చాలునట. ఏ ప్యాకేజీ ఉండాలో, ఏ సర్వీసు నడవాలో అదే చూసుకుని, లోటు ఉన్నంత మేరకే సరిదిద్ది, అన్నీ సవ్యంగా ఉంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుందట. ఈ గుణానికి ఐడెంపొటెన్స్ అని పేరు కూడా పెట్టి మురిసిపోతున్నారు. అవసరం లేనప్పుడు ఊరుకోవడమే ఘనకార్యమైతే, శనివారం రాత్రంతా మేలుకుని, చక్కగా నడుస్తున్న సర్వీసునే పదేపదే రీస్టార్ట్ చేసి, తెల్లవారాక ‘ఇష్యూ రిజాల్వ్డ్’ అని అందరికీ మెయిల్ పెట్టి, ఆ మెయిల్‌నే అప్రైజల్‌లో చూపించుకునే సీనియర్ గతేమిటి?

షెఫ్ క్లయింటును (రెసిపీని సర్వర్ మీద అమలుచేసే ప్రోగ్రామును) సర్వీసుగా పెడితే మామూలుగా 30 నిమిషాలకోసారి తనిఖీకి వస్తుంది. రెసిపీ పరిధిలోని ఫైలును మనం అర్ధరాత్రి వీఐ ఎడిటర్‌లో తెరిచి మార్చుకుంటే, కారణమైనా అడగకుండా మళ్లీ పూర్వస్థితికి తెచ్చేస్తుంది. మార్పు కావాలంటే, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టి, మరొకరి చేత చదివించాలట. ఎవరు ఎప్పుడు ఏం చేశారో శాశ్వతంగా నమోదైపోతే ఇక పరువుగా బతికేదెలా?

అదృష్టవశాత్తూ మనవాళ్లు ఘటికులు. రెసిపీలు రాసి తీరాలని పైనుంచి ఆదేశం రాగానే, పాత షెల్ స్క్రిప్టును (వరుసగా నడిచే ఆదేశాల ఫైలును) ఉన్నదున్నట్టు రెసిపీలోని ఎగ్జిక్యూట్ బ్లాకులో పెట్టి, ‘ఈ పని ఇదివరకే అయిందా’ అని చూసే షరతును మాత్రం వదిలేశారు. ఇప్పుడా స్క్రిప్టు అరగంటకోసారి మొదటినుంచీ నడిచి, కాన్ఫిగ్ ఫైలు చివర అదే లైనును మళ్లీ మళ్లీ చేరుస్తోంది. యాన్సిబుల్ వారిది ఇంకా సాత్విక మార్గం: విఫలమై ఎర్రబడిన ప్రతి టాస్కుకూ, తప్పు జరిగినా సాగిపొమ్మనే ‘ఇగ్నోర్ ఎర్రర్స్’ తగిలించి, చివరి లెక్కలో ఫెయిల్డ్ సున్నా అని మేనేజరుకు చూపిస్తారు.

ఈ సదాచారాన్ని చట్టబద్ధం చేయాలని కోరుతున్నాను. ప్రతి ప్రొడక్షన్ సర్వర్ మీదా క్లయింటును ఆపేసి ఉంచాలి. ఇన్‌స్టలేషన్ క్రమం ఆఫీసు మొత్తానికి ఒక్కరికే తెలిసి ఉండాలి. సర్వర్ పడిపోయిన వేళకు ఆయన తిరుమలలో ఫోను డిపాజిట్ చేసి, సర్వదర్శనం క్యూలో ఉండాలి.