మౌస్ ముట్టనివాళ్ల మడి

బెంగళూరు మారతహళ్లి, బెళ్లందూరు ప్రాంతాల్లో మనవాళ్లు ఎక్కువగా ఉన్న సాఫ్ట్‌వేర్ టీముల్లో కొత్తరకం మడి ఒకటి నడుస్తోంది. డీబగ్గింగ్, అంటే ప్రోగ్రాంలో తప్పులు వెతకడం, చేసేటప్పుడు మౌస్ ముట్టుకోకూడదు. అంతా కీబోర్డు పై వరస ఎఫ్ కీలతోనే. ఎఫ్9తో బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రాం ఆగాల్సిన చోటు, పెట్టాలి, ఎఫ్10తో లైను తర్వాత లైను దాటాలి. తెర మీది బాణం బటన్ నొక్కేవాడికి, ప్యాకేజీ ఎంతున్నా సరే, పంక్తిలో చోటు లేదు.

ఈ దీక్ష చాలామందికి కాలేజీ ల్యాబులోనే మొదలవుతుంది. ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్, నీలం తెర టర్బో సి ముందు కూర్చోబెట్టి ఎఫ్7, ఎఫ్8, కంట్రోల్ ఎఫ్9 వల్లె వేయించారు. ప్రోగ్రాం అర్థమైందా లేదా అనేది వేరే సంగతి.

చిక్కేమిటంటే ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్లలో ఒక్కో మఠానికి ఒక్కో మంత్రం. డాట్‌నెట్ వాళ్ల విజువల్ స్టూడియోలో ఆగిన ప్రోగ్రాం ఎఫ్5 కొడితే ముందుకు సాగుతుంది. జావా వాళ్ల ఎక్లిప్స్‌లో అదే ఎఫ్5 కొడితే ఫంక్షన్ లోపలికి దిగుతుంది. అక్కడ సాగడానికి ఎఫ్8 కొట్టాలి. జావా వాళ్లదే ఇంకో మఠం ఇంటెల్లిజేలో ఎఫ్8 ఒక్క లైను దాటి ఆగిపోతుంది. డాట్‌నెట్‌లో తలపండి జావా టీంకి మారిన సీనియర్ గారు జూనియర్ సీటు దగ్గరికొచ్చి, "ఇటివ్వమ్మా, మౌస్‌తో ఎంతసేపని!" అంటూ ఎఫ్5 కొడతారు. ఒక మెట్టు దిగుతుంది. మళ్లీ కొడతారు, ఇంకో మెట్టు. కాసేపటికి ఇద్దరూ తాము రాయని, జావాతోపాటే వచ్చే హాష్‌మ్యాప్ కోడ్ గర్భంలో ఉంటారు. "సార్, పైన పచ్చ బాణం ఉంది..." అంటుంది ఆ అమ్మాయి. సార్‌కి వినపడదు.

నిజానికి పూర్వాచారంలో ఇంత పట్టింపు లేదు. 1981 నాటి ఐబీఎం పీసీకి ఈ ఎఫ్ కీలు పదే, అవీ ఎడమ పక్కన. దాని ప్రోగ్రామింగ్ భాష బేసిక్‌లో తెర అడుగున ఏ కీ ఏం చేస్తుందో వరసగా రాసి ఉండేది. చూసి నొక్కినవాణ్ని ఎవరూ వెలివేయలేదు. 2016లో యాపిల్ కొన్ని మ్యాక్‌బుక్ ప్రోల్లో ఆ వరస కీలు పీకేసి టచ్ బార్ అనే గాజుపట్టీ పెట్టింది. అది కీయా, బటనా? ఏ పండితుడూ తేల్చకముందే 2021 మోడళ్లలో అసలు కీలు తిరిగొచ్చాయి, పరువు దక్కింది. మిగతా ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఆ వరసను వాల్యూమ్‌కీ బ్రైట్‌నెస్‌కీ రాసిచ్చేశారు. ఎఫ్ కీలను మళ్లీ ఎఫ్ కీలుగా పనిచేయించే ఎఫ్ఎన్ కీ పట్టుకోవడం మరిచిన నిష్ఠాపరుడికి బగ్ దొరకదు సరికదా, తెరే మసకబారుతుంది.

ఇన్ని విఘ్నాల మధ్య నిలిచిన సంప్రదాయం కోసం కంపెనీలకు నాదొక విన్నపం. బటన్ మీద మౌస్ ఆనించగానే దాని కీ పేరు చూపించే ఆ చిన్న పెట్టెను తక్షణం తొలగించాలి. సీనియర్లు ఎవరి దగ్గర ఉపదేశం పొందారో జూనియర్లకు తెలిసిపోతోంది.