లోకుల మాట అక్కర్లేని నాయకత్వం ఉంటుందా?

"నీ నాయకత్వం గురించి నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లోకులు పలుగాకులు, తప్పు పట్టేవాళ్లంతా అసూయపరులే. వాళ్ల మాట వింటే ఆత్మవిశ్వాసం పోతుంది." వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో జోరుగా తిరుగుతున్న సందేశం సారాంశం ఇది. యువకులు దీన్ని నమ్ముతున్నారు కనుకే జవాబు చెప్పక తప్పడం లేదు.

మన గురించి మనకే బాగా తెలుసా? అమెరికాలో 1976-77లో కాలేజీ ప్రవేశ పరీక్ష రాసిన దాదాపు పది లక్షల మందిని అడిగితే, నాయకత్వంలో తాము సగటు కంటే మెరుగని 70 శాతం మంది చెప్పుకున్నారు. సగటు కంటే తక్కువని ఒప్పుకున్నది 2 శాతమే.

తక్కువ అంచనా వేసుకునేవాళ్ల సంగతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. నాయకత్వంపై వచ్చిన 95 పరిశోధనలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, ఎవరికి వారు మార్కులు వేసుకున్నప్పుడు మగవాళ్లు ముందున్నారు. ఇతరులు వేసినప్పుడు ఆడవాళ్లు ముందున్నారు. పరకాల వైపు మహిళా సంఘం నడిపే ఒక ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో నేను చూసింది అచ్చం ఇదే. కేంద్రం నడిపే అక్కను పలకరిస్తే, "నేనేం లీడర్‌నండీ, రిజిస్టర్ రాస్తాను, అంతే" అన్నారు. అంతలో ఎవరి కుప్పకు ముందు కాంటా పెట్టాలన్న దగ్గర ఇద్దరు రైతులకు మాటామాటా పెరిగింది. ఆమె తేమ యంత్రం తెప్పించి, ఇద్దరి గింజలూ వాళ్ల కళ్లెదుటే చూశారు. 17 శాతం దాటని కుప్పకు ముందు కాంటా, రెండోది ఇంకా ఎండాలి అన్నారు. రెండో రైతు మారుమాట లేకుండా ధాన్యం ఆరబోసుకున్నాడు. "ఇక్కడ ఆమె మాటంటే మాటే" అని తర్వాత నాతో అన్నది కూడా అతనే. సందేశం చెప్పినట్టు తన అంచనానే నమ్ముకుంటే ఆ అక్క జీవితాంతం రిజిస్టర్ రాసే మనిషిగానే మిగిలిపోతుంది.

ఇక అసూయ మాట. అసూయపడేవాళ్లు ఉంటారు, కాదనను. ఒక్కరు వేసే మార్కుల్లో ఎదుటివారి పనితీరు కంటే వేసేవారి స్వభావమే ఎక్కువగా కనబడుతుందని 2000లో వచ్చిన పరిశోధన కూడా తేల్చింది. అందుకే ఒకరి మాట పట్టుకుని కుంగిపోవద్దు. పదిమంది విడివిడిగా ఒకే లోపం చెబితే మాత్రం దాన్ని అసూయ అనడం తప్పించుకోవడమే.

ఆత్మవిశ్వాసం పోతుందన్న భయంలో కొంత నిజముంది. 1996 నాటి ఒక సమీక్ష ప్రకారం, అభిప్రాయం చెప్పిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు దిగజారింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదికి మళ్లినప్పుడు ఆ నష్టం ఎక్కువ. "నేను మంచి లీడర్‌నేనా?" అని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. "పోయిన సమావేశంలో ఎవరి మాట మధ్యలో ఆపేశాను? ఏ అప్పు తీర్మానం మీకు సరిగా అర్థం కాలేదు?" అని సంఘం లీడర్ తన సభ్యులను అడగాలి. జవాబులు పేరు రాయని చీటీల మీద తీసుకోవాలి. చదువురాని సభ్యుల మాటను వాళ్లు నమ్మే మరో సభ్యురాలు విని రాయాలి, ఆ వేళ లీడర్ పక్కన ఉండకూడదు.